కదలకూడని ఆల్బమ్

పోయిన శనివారం మా వీధి చివర ఎవరో ఇల్లు ఖాళీ చేస్తూ సామానంతా గరాజ్ ముందు పరిచారు. నేను నిచ్చెన కోసం వెళ్ళాను. నిచ్చెన పొట్టిది, పనికిరాదు. తిరిగి వస్తుంటే బల్ల కింద అట్టపెట్టెలో పాత రికార్డులు కనిపించాయి. ఒక్కొక్కటీ వేళ్ళతో వెనక్కి తోస్తూ పోతున్నాను. ఖాళీ వరండా, పక్కకి ఒరిగిన కుర్చీ, దాని నీడలో పడుకున్న కుక్క. ఆ అట్ట దగ్గర చేయి ఆగిపోయింది. చేయి ఒక్కటే కాదు, నేనూ ఆగిపోయానట. ఊపిరి బిగబట్టి, కాలు కూడా కదపకుండా.

"ఏమైందండీ? నడుం పట్టేసిందా?" అంది మా ఆవిడ.

నడుం కాదు, భయం. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ కుక్క బొమ్మ చూస్తే ముందు భయమే వచ్చింది. సంతోషం దాని వెనక వచ్చింది.

ఆ బ్యాండ్ పేరు రాయను. రాసినా మీకు తెలియదు. అమెరికా దక్షిణాదిలో ఏదో చిన్న ఊరి కుర్రాళ్ళు. వాళ్ళు వాయించే రకాన్ని సదరన్ రాక్ అంటారు. గిటార్లు ఒకదాన్నొకటి తరుముకుంటూ పోతాయి, కింద డ్రమ్ములు గూడ్సుబండిలా నడుస్తాయి. అదే రకం వాయించిన వేరేవాళ్ళు స్టేడియాలు నింపారు. వీళ్ళు చిన్న హాళ్ళు దాటకుండానే ఐదు ఆల్బమ్‌లు చేసి విడిపోయారు. వాళ్ళ తరఫున వాదించడానికి సిద్ధంగా ఉన్న తెలుగువాడిని నేనొక్కడినే అని నా అంచనా. అంచనాలు వేయడమే నా బతుకుతెరువు. ఇల్లు కట్టేవాళ్ళు ప్లాన్ చూపిస్తే గోడలకి ఎన్ని బోర్డులు పడతాయో, ఎంత వృథా పోతుందో చెబుతాను. ఈ విద్య నాకు ఏ కాలేజీలోనూ ఎవరూ నేర్పలేదు. దానికి ఓనమాలు కెనడాలో, కాల్గరీలో ఒక ఫర్నేస్ గదిలో, ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని, ఆ పాటలు వింటూ దిద్దుకున్నాను.

అప్పట్లో హైదరాబాదు నుంచి వచ్చే ఏ విమానం దిగినా సగం మంది మన పిల్లలే. ఒక్కొక్కరి సూట్‌కేసులో ఒక కుక్కరు, నాలుగు పచ్చళ్ళు, గుండెలో గుబులు. కాలేజీలు సీట్లు ఇచ్చాయి కానీ పడుకోవడానికి చోటు ఎవరిస్తారు? నేను జనవరి చలిలో దిగాను. ఫోనులో మాట ఇచ్చిన గది అప్పటికే ఇంకెవరికో పోయింది. ఎయిర్‌పోర్టులో దిక్కులు చూస్తుంటే, వేరే కుర్రాణ్ణి దింపడానికి వచ్చిన కరీంనగర్ అన్న నన్ను చూసి ఆగాడు. మా అందరికంటే నాలుగేళ్ళు పెద్ద. అందుకే అందరికీ అన్న.

"వారం ఉండు తమ్మీ మా దగ్గర. ఆ లోపల ఏదన్న జూద్దాం," అన్నాడు.

ఆ వారం శీతాకాలమంత సాగింది.

వాళ్ళుండేది ఒక పాత ఇంటి బేస్‌మెంట్‌లో. పైన ఇంటాయన ఒక్కడే ఉండేవాడు. బతుకంతా పెద్ద ట్రక్కు తోలి రిటైరైన మనిషి. భార్య పోయింది. గడ్డం, గళ్ళ చొక్కా, ఒక చెవి సరిగా వినపడదు. ఇల్లు ఇచ్చేటప్పుడు గుమ్మంలో నాలుగు జతల బూట్లు చూపించి చెప్పాడట: "నలుగురే. ఐదో జత కనిపించిందా, ఐదు జతలూ బయటే." ఆయన మాట మీద నిలబడే మనిషని వీధిలో అందరికీ తెలుసు. జనవరిలో కాల్గరీలో బయటంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

ఐదో జత నాది.

నలుగురూ తెల్లారకముందే పనులకీ కాలేజీకీ పోయేవాళ్ళు. నా క్లాసులు సాయంత్రం. అంటే పగలంతా, ఇంటాయన లెక్కలో కింద ఎవరూ లేరు. నేను ఉన్నాను. అన్న మొదటి రోజే నియమాలు చెప్పాడు.

"నడిస్తే సాక్సుల మీద నడువు. దగ్గొస్తే దిండుల దగ్గు. ఎవరు తలుపు కొట్టినా తియ్యకు. సిటీ ఆఫీసువాళ్ళు ఇన్‌స్పెక్షన్‌కు వస్తరంట, అక్కడెక్కడనో మనోళ్ళు అట్లనే దొరికిండ్రు. నువ్వు ఈ ఇంట్ల లేవు. యాదికుంటదా?"

"ఉంటుందన్నా."

నా పడక ఫర్నేస్ గదిలో. ఇల్లంతటికీ వేడిగాలి పంపే యంత్రం, వేడినీళ్ళ ట్యాంకు, వాటి మధ్య ఒక పరుపు. కాలిన దుమ్ము వాసన, బట్టల సబ్బు వాసన, సూట్‌కేసులో కారిన గోంగూర పచ్చడి వాసన. బూట్లు తల కింద. గది పైకప్పు నుంచి వెడల్పాటి రేకు గొట్టాలు పైఅంతస్తుకి పోయేవి. వాటిలోంచి ఇంటాయన కాఫీ వాసన, ఆయన వేయించుకునే మాంసం వాసన కిందికి దిగేవి. ఆయన కుర్చీ జరిపితే నా నెత్తి మీద జరిపినట్టు వినపడేది. ఆయన శబ్దం నాకు అంత బాగా వస్తే, నాది ఆయనకి ఎంత వస్తుంది? మొదటి రోజులన్నీ ఈ ఒక్క లెక్కతోనే గడిచాయి. వెల్లకిలా పడుకుని, కడుపు గుర్రుమన్నా ఉలిక్కిపడేవాణ్ణి.

అమ్మ ఫోను చేస్తే దుప్పటిలో దూరి మాట్లాడేవాణ్ణి.

"ఏరా, గొంతు పోయిందా? ఆ గుసగుసలేంటి?"

"లైబ్రరీలో ఉన్నానమ్మా."

"ఎప్పుడు చేసినా లైబ్రరీయేనా! ఇక్కడున్నప్పుడు ఆ బుద్ధి ఏమైంది నాయనా?" అని మురిసిపోయేది. పక్కింటావిడకి కూడా చెప్పిందట, మావాడు పుస్తకం వదలడం లేదని.

పాట మొదలైన రోజు బాగా గుర్తు. కాఫీ వాసన దిగింది, కుర్చీ జరిగింది, తర్వాత ఇల్లంతా దద్దరిల్లింది. ఆయనకి కోపం వచ్చి ఏదో బద్దలు కొడుతున్నాడనుకున్నాను. పరుపు మీద ముడుచుకుపోయాను. కాసేపటికి అది డ్రమ్ములని తెలిసింది. అప్పటికి రెండు రోజులుగా గొంతులో ఒక దగ్గు అడ్డం పడి ఉంది. ఆ డ్రమ్ముల కింద దగ్గాను. మళ్ళీ దగ్గాను. ఎవరికీ వినపడలేదు. నా జీవితంలో అంత సుఖం తక్కువసార్లు ఎరుగుదును.

అలా ఆ బ్యాండ్ నాకు పరిచయం.

ఇంటాయన దగ్గర వాళ్ళ ఐదు ఆల్బమ్‌లే ఉండేవో, ఐదే ఇష్టమో తెలియదు. వరుస తప్పకుండా అవే పెట్టేవాడు. ఒక పక్క అయిపోగానే సూది ఎత్తుతాడు, తిప్పుతాడు, మళ్ళీ దించుతాడు. ఆ తిప్పే మధ్యలో ఇల్లంతా నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో నేను రాయిని. పాట మొదలయ్యాక మళ్ళీ మనిషిని. కొద్ది రోజుల్లోనే ఏ పక్క ఎంతసేపు నడుస్తుందో, అందులో ఎక్కడ హోరు ఎక్కువో, ఎక్కడ తగ్గుతుందో నా ఒంటికి తెలిసిపోయింది. బియ్యం కడగడానికి ఏ పాట సరిపోతుంది, నీళ్ళు ఎప్పుడు వదలాలి, గిన్నె ఎప్పుడు దించాలి, అన్నీ ఆ కొలతలతోనే. అట్టలు నేనెప్పుడూ చూడలేదు, పేర్లు తెలియవు. అందుకని వాటికి నేనే పేర్లు పెట్టుకున్నాను. మొదటిది స్నానం ఆల్బమ్, ఎక్కడా గొంతు తగ్గదు. రెండోది అన్నం ఆల్బమ్, ఐదోది ఉతుకుడు ఆల్బమ్. మూడోదాంట్లో గిన్నెలు కడగొచ్చు కానీ జాగ్రత్త.

ఆ జాగ్రత్త ఊరికే రాలేదు. మూడో ఆల్బమ్‌లో ఒక పాట మంచి ఊపులో ఉండగా ఠక్కున ఆగుతుంది. అయిపోయిందనిపించి, నాలుగైదు ఊపిర్లు పీల్చేంత సేపు ఆగి, మళ్ళీ విరుచుకుపడుతుంది. మొదటిసారి అది నాకు తెలియదు. ఆ ఆగిన క్షణంలోనే నా చేతిలోంచి స్టీలు మూత జారింది. అది నేల మీద గిరగిరా తిరిగి ఆగేలోపు నా పంచప్రాణాలూ దానితో తిరిగాయి. పైన అడుగుల చప్పుడు మెట్ల తలుపు దాకా వచ్చింది. బేస్‌మెంటుకీ పైఇంటికీ మధ్య ఉన్న ఆ తలుపుకి తాళం లేదు. ఆయన మర్యాదే దానికి తాళం. అడుగులు అక్కడ ఆగాయి. పాట మళ్ళీ విరుచుకుపడింది. అడుగులు వెనక్కి పోయాయి. ఆ రోజు అన్నం వండలేదు. 

అయినా వయసు అలాంటిది, భయం మధ్యలోనే చిలిపితనం. పోపు వాసన లేక నాలుక చచ్చిపోయింది. ఒకరోజు మొదటి ఆల్బమ్‌లో డ్రమ్ములవాడు ఒక్కడే విజృంభించే చోట, నూనెలో ఆవాలు, రెండు ఎండుమిరపకాయలు వేసేశాను. ఆవాల చిటపట ఎవరికీ వినపడలేదు. కానీ ఘాటు గొట్టంలోంచి పైకి పోయింది. ఇంటాయన తుమ్మడం మొదలుపెట్టాడు. తుమ్మి, తిట్టుకుని, మళ్ళీ తుమ్మాడు. నేను పొయ్యి కట్టేసి, మూకుడు ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూలబడ్డాను. ఆయన కిటికీ తెరిచి మూసిన చప్పుడు విన్నాను. రాత్రి నా క్లాసు అయ్యాక ఆ పోపన్నం తింటూ నలుగురిలో ఒకడు, భీమవరం కుర్రాడు, "ఒరేయ్, ఆయన తుమ్మి తుమ్మి చచ్చిపోతే నేరం ఎవరిమీదకొస్తాదంటావ్? ఆవాలమీదా, నీ మీదా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేదు.

బయటికి వెళ్ళడానికి అన్న ఒక ఉపాయం చెప్పాడు. ఆ నలుగురిలోనే కర్నూలు కుర్రాడికి ఎర్ర జాకెట్ ఉండేది. నాకూ అదే షాపులో అదే రంగు కొనిపించాడు. మధ్యాహ్నం నేను టోపీ దించుకుని పక్క గుమ్మంలోంచి జారుకుంటుంటే ఇంటాయన కిటికీలోంచి చూసినా, కర్నూలువాడు దేనికో వచ్చి పోతున్నాడనుకుంటాడు. ఉపాయం పనిచేసింది కానీ కర్నూలువాడి ప్రాణం మీదికి వచ్చింది.

"ఏం మీ గోల? ఆయప్ప నన్ను గేటుకాడ నిలబెట్టి, మధ్యాన్నం సన్నగా ఉంటివే, సాయంత్రానికే ఇంత లావెట్లయితివి అని అడగతాండాడు! నేనేం జెప్పల్ల?"

"ఏం చెప్పినవ్?" అన్నాడు అన్న.

"బిర్యానీ తింటి అని జెప్తి."

ఇక నాలుగో ఆల్బమ్. దానికి నేను పెట్టిన పేరు కదలకూడని ఆల్బమ్. అందులో హోరు లేదు. ఒక్క గిటారు, మెల్లగా ఒక మగగొంతు, ఎవరో నేల మీద కాలితో తాళం వేస్తున్న చప్పుడు. పాటకీ పాటకీ మధ్య పెద్ద పెద్ద నిశ్శబ్దాలు. ఆ ఆల్బమ్ నడిచినంతసేపూ నీళ్ళు తాగడానికి కూడా వీల్లేదు. మొదట్లో అది మొదలైతే ఏడుపొచ్చేది. కానీ కదలడానికి లేనప్పుడు మనిషి ఏం చేస్తాడు? వింటాడు. మిగతావాటి కింద నేను వండాను, ఉతికాను, దగ్గాను. దాన్ని మాత్రం విన్నాను. మాటలు అర్థమయ్యేవి కావు. రేకు గొట్టంలో పడి మాటల అంచులు అరిగిపోయి వచ్చేవి. కానీ ఆ పాడేవాడు కూడా ఎక్కడో, ఎవరికీ వినపడకూడదని భయపడుతూ పాడుతున్నాడనిపించేది. రానురాను దాని వంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసేవాణ్ణి. భయపడుతూనే ఎదురుచూసేవాణ్ణి.

ఆ రోజు దాని వంతే. చలి బాగా ముదిరిన రోజు. ఫర్నేస్ ఆగకుండా తిరుగుతోంది. రెండో పక్క చివరి పాట అయిపోయింది. నేను రాయిలా కూర్చుని, సూది ఎత్తే చప్పుడు కోసం చెవులు రిక్కించాను. ఎత్తలేదు. రికార్డు తిరుగుతూనే ఉంది. పాటలేని చోట సూది టక్, టక్ అని కొట్టుకుంటోంది. ఆయన ఎప్పుడూ అలా వదిలేయడు. నేను రెండు ఊపిర్లు పీల్చేలోపు ఎత్తేస్తాడు. టక్, టక్.

అప్పుడు తలుపు బాదారు. పైది కాదు, మాది. బేస్‌మెంట్ పక్క గుమ్మం.

 సిటీవాళ్ళు! అన్న చెప్పినట్టే వచ్చారు. బూట్లు గుండెకి హత్తుకుని ఫర్నేస్ వెనక్కి జరిగాను. మళ్ళీ బాదారు. నేను ఈ ఇంట్లో లేను. నేను లేను. నా ఒక్కడి గది కాదు, నలుగురి గూడు నా చేతిలో ఉంది. పైన టక్, టక్. తలుపు మీద దెబ్బలు ఆగాయి. మళ్ళీ మొదలయ్యాయి, ఈసారి మెత్తగా, పిడికిలి బిగించలేనివాడు కొట్టినట్టు.

భయంలో కూడా బుర్ర లెక్క కట్టింది. సిటీవాళ్ళయితే ముందు పైతలుపు కొట్టాలి. ఇంటాయన లేచి వెళ్ళాలి. పైన అడుగుల చప్పుడే లేదు. కుర్చీ జరగలేదు. బయటికి వెళ్ళాలనుకున్నవాడు రికార్డు పెట్టి పోడు. ఇంట్లో ఉన్నవాడు సూది ఎత్తకుండా ఉండడు. అంటే ఆయన ఇంట్లో లేడు, కావాలని బయటికీ వెళ్ళలేదు. ఖాళీ ఇల్లని తెలిసి కూడా ఆ ఇంటి తలుపు ఎవరు కొడతారు? వేరే దారి లేనివాడు కొడతాడు.

తీస్తే ఐదుగురం వీధిలో. తీయకపోతే?

లేచాను. సాక్సుల మీద కాదు, మడమలు దబదబలాడేలా పరిగెత్తాను. తలుపు తీశాను.

గళ్ళ చొక్కా, ఇంట్లో వేసుకునే చెప్పులు, గడ్డం నిండా మంచు. చేతిలో పక్షులకి గింజలు వేసే డబ్బా. అది వేళ్ళకి అతుక్కుపోయినట్టుంది. గింజలు వేయడానికి చొక్కాతోనే ఇంటి వెనక పెరట్లోకి వెళ్ళాడట. గాలికి తలుపు పడింది. పడితే దానంతటదే తాళం పడే తలుపు అది. ఇరుగుపొరుగు అంతా పనులకి పోయారు. ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. పెదవులు సరిగా కదలడం లేదు.

"నువ్వు... మధ్యాహ్నం సన్నవాడివి," అన్నాడు.

నా భయంలో నాకొచ్చిన ఇంగ్లీషంతా పోయింది. "రికార్డ్," అన్నాను పైకి చూపిస్తూ. "సార్, రికార్డ్ ఇంకా తిరుగుతోంది."

చంక కింద చేయి వేసి, ఎప్పుడూ తీయని ఆ మెట్ల తలుపు తీసి, పైకి తీసుకెళ్ళాను. సోఫాలో కూర్చోబెట్టి దొరికిన దుప్పట్లన్నీ కప్పాను. అంబులెన్స్ అంటే వద్దని తల ఊపాడు. డబ్బా వేళ్ళ నుంచి మెల్లగా విడదీశాను. వణుకుతూనే ఆయన అన్న మొదటి మాట: "ముందు ఆ సూది ఎత్తు. అరిగిపోతుంది."

నేనెప్పుడూ రికార్డ్ ప్లేయర్ ముట్టుకోలేదు.  గీత పడితే? ఊపిరి బిగబట్టి ఎత్తాను. పడలేదు.

అల్లం దంచి టీ పెట్టాను, దాచుకోవడానికి ఇంకేం మిగిలింది కనుక. కప్పు పట్టుకోలేకపోతే నేనే పట్టాను. రంగు తిరిగాక అడిగాడు.

"ఎక్కడ పడుకుంటున్నావు?"

"ఫర్నేస్ గదిలో."

"ఎప్పటినుంచి?"

"వచ్చినప్పటినుంచి."

కప్పు నా చేతిలోంచి తీసుకుని మిగిలిన టీ తాగాడు. నాకు మా ఐదుగురి సూట్‌కేసులు మంచులో వరుసగా కనపడుతున్నాయి. చివరికి, "అయితే ఇవన్నీ విన్నావన్నమాట," అన్నాడు రికార్డుల వైపు చూసి.

"అన్నీ విన్నాను."

"ఏది బాగుంది?"

అబద్ధం ఆడే ఓపిక లేదు. "ఇప్పుడు పెట్టిందే."

ఆయన దుప్పటిలోంచి ముందుకి వంగాడు. "ఇదా? ఇది వాళ్ళ అభిమానులకే నచ్చలేదు. నా భార్యకి అసలు నచ్చలేదు. దీంతోనే వాళ్ళ పని అయిపోయిందన్నారు. ఇది బాగుందన్న మనిషిని నేనింతవరకూ చూడలేదు." వెనక్కి వాలి, "తిప్పు. మొదటి పక్క పెట్టు," అన్నాడు.

పెట్టాను. అప్పుడే అట్ట చూశాను, వరండా, కుర్చీ, కుక్క. పాట మొదలైంది. నేను బిత్తరపోయాను. మగగొంతు వెనక, చాలా పలచగా, ఒక ఆడగొంతు పాడుతోంది. ఇన్ని వారాలు విన్నాను, ఆ గొంతు ఎప్పుడూ లేదు. రేకు గొట్టం బరువైన శబ్దాలనే కిందికి దించింది, సన్ననివన్నీ పైనే ఉండిపోయాయి.

"ఆవిడెవరు?" అన్నాను.

"కింద నీకు ఆ గొంతు వినపడలేదా?" అన్నాడు ఆయన. అప్పుడు మొదటిసారి ఆయన ముఖంలో కోపం కాని దేన్నో చూశాను.

సాయంత్రం నలుగురూ వచ్చారు. మెట్ల మీద వరుసగా నిలబడ్డారు. అన్న ఒక మెట్టు పైకెక్కి, "సార్, మిస్టేక్ నాదే," అన్నాడు.

"మిస్టేకా? ఆ ఫర్నేస్ పొగగొట్టం లీకైతే పొద్దుటికి శవమే. మనిషిని అక్కడ పడుకోబెడతారా?" ఇంటాయన గొంతుకి గోడలు అదిరాయి. "నలుగురన్నాను. నలుగురే. మీరు నలుగురూ ఉంటారు. ఇతను ఉండడు."

మాట మాటే. నన్ను ఉంచలేదు. కానీ ఆ రాత్రి తన సోఫా మీద పడుకోబెట్టాడు. మర్నాటి నుంచి తెలిసినవాళ్ళందరికీ ఫోన్లు చేశాడు. తనతో ట్రక్కు తోలినతని ఇంట్లో, కిటికీ ఉన్న గది ఒకటి దొరికేదాకా ఆపలేదు. సామాను తన ట్రక్కులో వేసుకుని స్వయంగా దింపాడు. దిగేముందు, "ఆదివారం రా. మొదటి ఆల్బమ్ నుంచి మొదలుపెడదాం. నువ్వు సగమే విన్నావు," అన్నాడు. ఆ వసంతమంతా ఆదివారాలు వెళ్ళాను. బిర్యానీ తిని లావైన కర్నూలువాడు కూడా అప్పుడప్పుడూ వచ్చి కూర్చునేవాడు, డ్రమ్ములు బాగున్నాయప్పా అంటూ. తర్వాత నాకు దేశం తూర్పున ఓక్‌విల్ వైపు పని దొరికింది. కొన్నేళ్ళకి కాల్గరీ వెళ్ళినప్పుడు ఆ ఇంటి దగ్గర ఆగాను. వేరేవాళ్ళున్నారు. అన్న, భీమవరంవాడు, అందరూ తలో దిక్కూ సర్దుకున్నారు. ఫర్నేస్ గదుల్లో పిల్లలు పడుకున్న కాలం ఒకటుందంటే మా అమ్మాయి నమ్మదు.

మొన్న దొరికిన రికార్డు ఆయనది కాదు. ఆయన అట్ట వెనక కాఫీ కప్పు మరక ఉండేది, దీనికి లేదు. అయినా తెచ్చుకున్నాను. ఆదివారం ఇంట్లో పెట్టాను. పాటకీ పాటకీ మధ్య నిశ్శబ్దం రాగానే నా చేతిలో చెంచా గాల్లో ఆగిపోయింది.

"డాడ్, యూ కెన్ మూవ్," అంది మా అమ్మాయి నవ్వుతూ.

రెండో పక్క అయిపోయింది. సూది టక్, టక్ అని కొట్టుకుంటోంది. అరిగిపోతుందని తెలుసు. ఆయన ఉంటే తిట్టేవాడు. అయినా నేను ముందు లేచి వంటగది దాటి వెళ్ళి వెనక తలుపు తీశాను. ఎవరూ లేరు. చలిగాలి లోపలికి వచ్చింది. మెట్ల మీదికి, కంచె దాకా ఒకసారి చూసి, తలుపు వేసి, అప్పుడు వచ్చి సూది ఎత్తాను.